ఈత రసం రుచిలో గంటల లెక్క

ఈత చెట్టు మొవ్వు కింద చెక్కిన గాటు నుంచి చలికాలపు రాత్రుల్లో బొట్టుబొట్టుగా కారేది ఈత రసం. తెల్లవారకముందే దించితే అది తేటగా, చల్లగా, కొబ్బరినీళ్ల కంటే నిండైన తీపితో ఉంటుంది. పొద్దు బారెడెక్కేసరికి నాలుక మీద చిమచిమలాడుతుంది. మధ్యాహ్నానికి తెల్లబడి కల్లవుతుంది. మరునాటికి పులుపు పైకొచ్చి, ఆ తర్వాత వెనిగర్ దారి పడుతుంది. కుండ మారదు, రసం మారదు, రుచి మాత్రం పూటకొకటి. ద్రాక్ష వైను వయసును ఏళ్లలో చెబుతారు, ఈత రసం వయసును గంటల్లో చెప్పాలి. అందుకే దాని రుచి చూడటమంటే ప్రధానంగా అది చెట్టు దిగి ఎంతసేపయిందో కనిపెట్టడమే.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న ఎర్రమట్టి నేలల్లో ఈత, తాటి రెండూ పెరుగుతాయి. బెంగాలీలో ఈత ఖేజూర్, తాటి తాల్, రసం రొష్, పులిసినది తాడి, చెట్టు గీసే మనిషి శియులి. ఊళ్లో చాలా చెవులకు ఈ మాటల పక్కనే ఈత, తాటి, కల్లు, గీత అన్న మాటలూ అలవాటే. దానికి కారణం రైలు: 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, తూర్పుతీరపు రైలుమార్గంలో ఉత్తర భాగాన్ని 20వ శతాబ్దం మొదట్లో తన చేతికి తీసుకుంది. దాంతో వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ దాకా ఒకే కంపెనీ పట్టాలయ్యాయి. అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు ఆ పట్టాల మీదుగానే వచ్చి స్థిరపడ్డారు. 1920లలో అక్కడి కార్మికుల సమ్మెల్లో ముందు నిలిచిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరూ తలుచుకున్న ఊరు ఇదే. ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన కులాలవారికి కల్లుగీత కులవృత్తి. కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లకు ఖరగ్‌పూర్ పొలిమేరల్లోని చెట్టుగానీ, దానికి వేలాడే కుండగానీ వింత కాదు. వింతల్లా ఒక్కటే: ఆంధ్రలో ఈత పేరు చెబితే ముందు గుర్తొచ్చేది కల్లు, బెంగాల్‌లో గుర్తొచ్చేది బెల్లం.

తాటినీ ఈతనూ గీసే పద్ధతి ఒకటి కాదు. తాటికి పూగెలను కోస్తారు. గెల చెట్టుకు అదనపు అవయవం లాంటిది, అది పోయినా కాండానికి గాయం కాదు. ఈతకు అలా కుదరదు. మొవ్వు కింద ఒకవైపు మట్టలు నరికి, పైచెక్క చెక్కి, లోపలి లేత భాగం బయటపడ్డాక కొన్నాళ్లు ఆరనిచ్చి, అప్పుడు పలుచగా గాటు పెడతారు. గాటు అడుగున వెదురు గొట్టం గుచ్చితే రసం దానివెంట కుండలోకి జారుతుంది. ఆకులు తయారుచేసిన చక్కెరను మొవ్వుకు మోసుకుపోయే నాళాలు ఇక్కడ తెగి ఉంటాయి, చెట్టు తన లేత మొవ్వుకు పంపే తిండిని మనిషి దారిలో పట్టుకుంటున్నాడన్నమాట. ఒక ఏడు ఒకవైపు గీస్తే మరుసటి ఏడు ఎదురువైపు గీస్తారు. దాంతో ముదురు చెట్టు కాండం మెట్లుమెట్లుగా, వంకర్లు తిరిగి కనిపిస్తుంది. ఆ మెట్లు లెక్కపెడితే చెట్టు ఎన్ని చలికాలాలు రసమిచ్చిందో తెలిసిపోతుంది. ఏ సీసా మీదా ఇంత పచ్చిగా చరిత్ర రాసి ఉండదు.

గాయం కాండానిది కాబట్టి చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. కొన్ని రాత్రులు గీశాక మూడు నాలుగు రోజులు ఆపుతారు. ఆ విరామం తర్వాతి మొదటి రాత్రి రసాన్ని బెంగాలీలో జిరేన్ కాట్ అంటారు, అంటే సేదతీరిన కోత. అన్నిటికంటే తేటగా, తియ్యగా ఉండేది అదే. రెండో రాత్రిది దోకాట్, మూడో రాత్రిది తేకాట్. రాత్రి మారేకొద్దీ రసం మసకబారుతుంది, తీపి సన్నగిల్లుతుంది, చిరుపులుపు తొంగిచూస్తుంది. గాటు మీద, గొట్టంలో మిగిలిపోయిన తడిలో సూక్ష్మజీవులు కాపురం పెట్టడం ఇందుకు ఒక ముఖ్య కారణం. షాంపేన్ తయారీలో గానుగ నుంచి వచ్చే మొదటి రసాన్ని, ఆ తర్వాత గట్టిగా పిండితే వచ్చే రసాన్ని వేరువేరు తొట్లలో పట్టి, మొదటిదానికే ఎక్కువ విలువ కడతారు. శియులి చేసే విభజనా ఆ కోవలోదే. తేడా అల్లా అక్కడ పట్టింపు గానుగ బిగింపుతో, ఇక్కడ చెట్టు అలసటతో.

తాజా రసంలో చక్కెర సుమారు 10 నుంచి 12 శాతం. అందులో ఎక్కువ భాగం సుక్రోజ్, అంటే చెరకులో ఉండే చక్కెరే. ఆమ్లత్వం చూస్తే పీహెచ్ 7కు దగ్గర, పులుపు లేదు, క్షారమూ లేదు. ఇంత తీపి, ఇంత నీరు, ఏ రక్షణా లేని తటస్థ ద్రవం. సూక్ష్మజీవులకు ఇంతకంటే పెళ్లిభోజనం ఉండదు. కుండ మట్టి రంధ్రాల్లో, తేనెటీగల కాళ్లకు, గాలిలో, గాటు మీద అవి సిద్ధంగానే ఉంటాయి. ద్రాక్షరసానికి సహజంగానే గట్టి పులుపు ఉంటుంది, చాలా బ్యాక్టీరియాలను అది గుమ్మంలోనే ఆపేస్తుంది. ఈత రసానికి ఆ కాపలా లేదు.

అందుకే ముందు దూరేవి బ్యాక్టీరియాలు. ల్యూకోనాస్టాక్, లాక్టోబాసిల్లస్ జాతులు చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పాలను పెరుగు చేసే ఆమ్లం అదే. పీహెచ్ 5కు, 4కు దిగుతుంది. ఈలోగా ఈస్టులు ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విరిచి, వాటిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్‌లుగా మారుస్తాయి. రొట్టెల పిండిని పొంగించే శాకరోమైసిస్ సెరివిసియే ఇక్కడా ప్రధాన పాత్రధారి. దానికి పోటీగా జైమోమోనాస్ మొబిలిస్ అనే బ్యాక్టీరియా ఉంది. ఇది బ్యాక్టీరియా అయి ఉండీ ఈస్టులాగే ఆల్కహాలు చేస్తుంది. పైగా ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి ఈస్టు పొందే శక్తిలో సగమే దీనికి దక్కుతుంది కాబట్టి బతకడానికి మరింత చక్కెర మింగాల్సి వస్తుంది. కల్లు అంత వేగంగా కల్లు కావడంలో ఈ ఆకలికీ భాగముంది. ఆల్కహాలు పోగయ్యాక చివరి వంతు అసిటోబాక్టర్‌ది. గాలి సోకితే చాలు, ఆల్కహాలును అసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌గా మార్చేస్తుంది.

ఈ పరుగును మందగింపజేసేది చలి. ఈత గీత శీతాకాలపు పని కావడానికి రుచిపరంగా ఇదే పెద్ద కారణం. కుండ శుభ్రత మరో పగ్గం. బెంగాల్‌లో కుండలు కడిగి, ఎండబెట్టి, గడ్డి పొగ పట్టిస్తారు. ఆంధ్రలో నీరా, అంటే పులియని రసం, కావాలంటే కుండ లోపల సున్నం పూస్తారు. సున్నం రసాన్ని క్షారంగా మార్చి ఈస్టునూ బ్యాక్టీరియానూ రెండిటినీ కట్టడి చేస్తుంది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్ లాంటి చోట్ల ఆధారం శీతలీకరణే. పద్ధతి ఏదైనా గడియారాన్ని ఆపడమే ఉద్దేశం.

బుడగల సంగతికి వస్తే లెక్క సరదాగా ఉంటుంది. లీటరు రసంలోని 120 గ్రాముల చక్కెర మొత్తం పులిస్తే సిద్ధాంతరీత్యా దాదాపు 8 శాతం ఆల్కహాలు రావాలి. కొంత చక్కెరను ఆమ్లాలు చేసే జీవులు తినేస్తాయి, కొంత మిగిలిపోతుంది. అందుకే కల్లులో సాధారణంగా ఉండేది 4 నుంచి 6 శాతం. ఆ పులియడంలో పుట్టే వాయువు మాత్రం లీటరు రసానికి 20, 30 లీటర్లు. దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర 25 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో నిలిచేది సుమారు ఒకటిన్నర గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 10 డిగ్రీల దగ్గర 2.3 గ్రాములు. జనవరి ఉదయపు కల్లు నాలుకను మే నెల కల్లు కంటే కాస్త గట్టిగా గిల్లడానికి ఈ తేడా చాలు.

షాంపేన్‌లో ఇదే వాయువును పారిపోకుండా బంధిస్తారు. ఒకసారి పులిసిన వైనుకు లీటరుకు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్టు చేర్చి సీసాకు గట్టిగా మూత బిగిస్తారు. నాలుగు గ్రాముల చక్కెరకు ఒక వాతావరణ పీడనం చొప్పున లోపల ఆరు వాతావరణాల పీడనం ఏర్పడుతుంది. కారు టైరులో ఉండే పీడనానికి ఇది దాదాపు మూడింతలు. చక్కెర కొలత ఇంత కచ్చితంగా తెలియని రోజుల్లో ఫ్రాన్స్ నేలమాళిగల్లో సీసాలు వరసగా పేలిపోయేవి. 1836లో ఫ్రాంస్వా అనే ఔషధ నిపుణుడు కొలత పద్ధతి చెప్పాకే పేలుళ్లు తగ్గుముఖం పట్టాయి. అదే లెక్కన తాజా ఈత రసాన్ని సీసాలో బిగిస్తే, చక్కెరంతా పులిసేలోగా పీడనం 30 వాతావరణాల వైపు పోతుంది. మామూలు సీసా ఏదీ తట్టుకోదు. కల్లు ముంతకు మూత బిగించకూడదన్న అనుభవజ్ఞుల జాగ్రత్త వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇంతే.

గ్లాసులో బుడగ పుట్టాలంటే దానికి ఒక ఆసరా కావాలి. ఫ్రాన్స్‌లోని రీమ్స్ విశ్వవిద్యాలయంలో జెరార్ లిజే-బెలేర్ షాంపేన్ బుడగల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. గుడ్డతో తుడిచినప్పుడో గాలిలోంచో గాజుకు అంటుకున్న సన్నని సెల్యులోజ్ పీచుల్లో చిక్కిన గాలి నుంచే బుడగల దారాలు లేస్తాయని ఆయన చూపారు. పీచు లేని గాజులో షాంపేన్ దాదాపు మౌనంగా కూర్చుంటుంది. కల్లులో పీచుకు కొరత లేదు. మట్టల నలుసులు, ఈస్టు ముద్దలు నిండా తేలుతుంటాయి. అందుకే వాయువు ఆగకుండా బయటపడి, ద్రవం ఎప్పుడూ ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. కల్లు తెల్లదనం కూడా ఈ తేలే జీవులదే. తేట రసం పాలలా మారిందంటే కుండలో కోట్లకొద్దీ ఈస్టు, బ్యాక్టీరియా పెరిగాయని అర్థం.

నాలుక మీది చిమచిమ కేవలం బుడగలు పగిలే తాకిడి కాదు. 2009లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో పులుపును గుర్తించే రుచి కణాలే కార్బన్ డయాక్సైడ్‌నూ పట్టుకుంటాయని తేలింది. ఆ కణాల ఉపరితలం మీదున్న కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైము వాయువును ఆమ్లంగా మారుస్తుంది, కణం ఆ ఆమ్లాన్ని గుర్తిస్తుంది. కొండ ఎక్కేవాళ్లు ఎత్తు జబ్బుకు వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ మాత్ర వేసుకున్నవారికి శిఖరం మీద పంచుకున్న షాంపేన్ చప్పగా అనిపించిన సంగతి వైద్య పత్రికలకూ ఎక్కింది.

ఇప్పుడు ఈత రసాన్ని తూచడం తేలిక. ముందు కన్ను. ఉదయపు రసం గాజు గ్లాసులో ఆవలి వేళ్లు కనిపించేంత తేటగా ఉండాలి. మసక ఉంటే రెండో మూడో రాత్రిదన్నా కావాలి, ఎండెక్కాక దించినదన్నా కావాలి. తర్వాత ముక్కు. లేత మట్టల పచ్చివాసన, పొగ పట్టిన కుండదైతే సన్నని పొగ జాడ ఉండవచ్చు. పుల్లటి వాసన ముందు రాకూడదు. ఆపైన నోరు. తీపి నాలుక అంతటా సమంగా పరచుకుని మింగాక శుభ్రంగా పోవాలి. చల్లదనం తీపిని అణచి చూపిస్తుంది కాబట్టి తెల్లవారుజామున మితంగా తోచిన రసమే గంట తర్వాత మరీ తీపిగా అనిపించవచ్చు. తాగినప్పుడు నాలుక గరగరలాడి, జారుడుగా, చప్పిడిగా ఉంటే సున్నం మోతాదు మించిందన్నమాట. చిమచిమ మొదలైతే ఈస్టు పని మొదలైందనే.

కల్లుకు కొలబద్ద వేరు. అక్కడ తెల్లదనం తప్పు కాదు, నురగ తప్పు కాదు. తీపీ పులుపూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం మంచి కల్లు లక్షణం. అది పెద్దసేపు ఉండని దశ. తీగలా సాగే జిగురు కనిపిస్తే ల్యూకోనాస్టాక్ చక్కెరలోంచి డెక్‌స్ట్రాన్ అనే జిగట పదార్థం అల్లిందని తెలుసుకోవాలి. ముక్కును పొడిచే ఘాటు వెనిగర్ గుర్తు. నాలుక చివర నిలిచిపోయే లోహపు తీపి శాకరిన్ పని కావచ్చు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్‌ప్రజోలం వంటి మత్తుమందులు పట్టుబడ్డాయి. వాటిని నాలుక పట్టలేదు. 5 శాతం ఆల్కహాలున్న పానీయం ఒక్క గ్లాసుతో మనిషిని కూలదోస్తే అది చెట్టు చేసిన పని కాదు.

రైతే తయారుచేసిన షాంపేన్‌ను తూచేవాళ్లూ దాదాపు ఈ మెట్లే ఎక్కుతారు, కానీ వాళ్లకు సీసా వెనక చీటీ సాయం ఉంటుంది. సన్నని అక్షరాల్లో ఆర్.ఎం. అని ఉంటే తన తోట ద్రాక్షతో తానే చేసిన రైతు సీసా. ఎన్.ఎం. అని ఉంటే పండు కొనుక్కుని చేసే పెద్ద సంస్థది. పెద్ద సంస్థలు పదుల గ్రామాల ద్రాక్షనూ, దాచిన పాత ఏళ్ల వైన్లనూ కలిపి ఏటా ఒకే రుచి తెస్తాయి. చిన్న రైతుకు అన్ని తొట్లు లేవు, ఆ ఏటి వాన, ఆ ఊరి సున్నపునేల సీసాలో దాగకుండా కనిపిస్తాయి. అది లోపమని కొందరు, అదే అందమని కొందరు. చట్టప్రకారం ఏ ఏడాదిదో చెప్పని షాంపేన్ కనీసం 15 నెలలు సీసాలో ఉండాలి, అందులో 12 నెలలు చనిపోయిన ఈస్టు మడ్డి మీదే. ఆ మడ్డి కరిగి ఇచ్చేదే కాల్చిన రొట్టె వాసన. తయారైన సీసాలో ఉండే చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపైతే బ్రూట్, చివర్లో ఏమీ చేర్చకుండా 3 గ్రాముల లోపైతే బ్రూట్ నేచర్. చక్కెర తక్కువైనకొద్దీ లోపాలు దాచుకునే చోటు తగ్గుతుంది, కాబట్టి తక్కువ ధరలో తక్కువ చక్కెరతో నిలిచిన రైతు సీసా కాస్త గౌరవించదగ్గదే. అయితే తక్కువ ధర అన్నది ఫ్రాన్స్ మాట. దిగుమతి వైను మీద 150 శాతం కస్టమ్స్ సుంకం చాలాకాలం నడిచిన దేశంలో అదే సీసాను చవక అనడానికి నోరు రాదు. బుడగల సన్నదనాన్ని బట్టి నాణ్యత చెప్పడం ఒక మోజు మాత్రమే. పాతబడిన సీసా బిరడా గుండా వాయువు కోల్పోయి సన్నని బుడగలిస్తుంది, గ్లాసు తుడిచిన గుడ్డ కూడా అందులో పాలుపంచుకుంటుంది.

పచ్చి ఈత రసానికి షాంపేన్‌కు లేని ప్రమాదం ఒకటుంది. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు రాత్రిపూట గాటు దగ్గర వాలి రసం నాకుతాయి. వాటి లాలాజలం, మూత్రం ద్వారా నిపా వైరస్ కుండలో చేరగలదు. 1998-99లో మలేసియాలో బయటపడిన ఈ వైరస్ 2001లో సిలిగుడిలో, 2007లో నదియా జిల్లాలో ప్రాణాలు తీసింది. పచ్చి రసం తాగడానికీ జబ్బుకూ ఉన్న లంకెను బంగ్లాదేశ్ పరిశోధకులు నిరూపించారు. 2011-2014 మధ్య అక్కడి కొన్ని కేసులు పులిసిన తాడితోనూ ముడిపడ్డాయి. అంటే పులియడం మీద భరోసా పెట్టుకోలేం. వైరస్‌కు రంగు లేదు, వాసన లేదు, జిరేన్ కాట్ తేటదనంలోనూ అది ఉండగలదు. గాటునూ కుండ మూతినీ కలిపి వెదురు తడికతో కప్పితే గబ్బిలాలు రసం దాకా రాలేవని రాత్రి కెమెరాలతో చూశారు. కాబట్టి పచ్చి రసం కొనేవాళ్లు రుచి కంటే ముందు చూడాల్సింది చెట్టుకు తడిక ఉందా లేదా అని. మరిగిస్తే వైరస్ చస్తుంది.

మరిగిస్తే బెల్లమూ వస్తుంది. బెంగాలీలు నొలెన్ గుడ్ అని మురిసిపోయే ఈతబెల్లం వాసన చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడిలో కలిసి చేసే మెయిలార్డ్ చర్యది. రొట్టె పెచ్చునూ వేగిన కాఫీగింజనూ ఘుమఘుమలాడించేది ఆ చర్యే. గడియారం ఇక్కడా వదలదు. పొయ్యి ఎక్కకముందే పులిసిన రసంలో సుక్రోజ్ విరిగిపోయి ఉంటుంది. ఆ బెల్లం గట్టిపడదు, నల్లబడుతుంది, వెనకాల పులుపు తగులుతుంది. జిరేన్ రసంతో చేసిన పాటాలి దిమ్మ లేత గోధుమరంగులో, వేలితో నొక్కితే విరిగేంత మెత్తగా ఉంటుంది. రాయిలా ఉండి, విరిచినచోట పలుకులు మెరిస్తే పంచదార కలిసిందని అనుమానించాలి. 12 శాతం తీపి ఉన్న రసం కిలో బెల్లానికి ఎనిమిది లీటర్ల పైచిలుకు కావాలి. దానికి కట్టెలు, చెట్టెక్కిన కూలీ కలుపుకుంటే ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజార్‌లో పంచదార ధరకు దగ్గరగా దొరికే ఈతబెల్లం గురించి మరో మాట అక్కర్లేదు.

సంక్రాంతి నాటికి రసం తన ఉచ్చస్థితిలో ఉంటుంది. మాఘం దాటి రాత్రులు వెచ్చబడగానే కుండ దించేలోపే నురగ కడుతుంది, బెల్లం పట్టు తప్పుతుంది. శియులి గొట్టాలు పీకేసి, ఆ ఏటి మెట్టును అలాగే ఆరనిస్తాడు. కొన్ని వారాలకు పక్కనున్న తాటిచెట్లు గెలలు వేయడం మొదలుపెడతాయి. ఆ రసం వేసవిది, దాని గడియారం ఇంకా వేగంగా నడుస్తుంది.